ప్రత్యేక లాగుడు వాహనం

మా రాళ్లగడ్డ మున్సిపాలిటీకి ఎండాకాలం మొదట్లో ఒక జలరథం వచ్చింది. రథమంటే గుర్రాలేమీ లేవు. ఒక పెద్ద నీళ్ల ట్యాంకు, దాని కింద రెండు చక్రాలు, ముందు ఒక హుక్కు, పక్కన చిరునవ్వు నవ్వుతున్న నీటిచుక్క బొమ్మ. అంతవరకే పంపారు. దాన్ని లాగేది మాత్రం పంపలేదు. వెంట వచ్చిన ఉత్తర్వులో "లాగు వాహనమును స్థానిక సంస్థలు తమ సృజనాత్మకతతో సమకూర్చుకొనవలెను" అని ఉంది. మా ఆఫీసులో సృజనాత్మకతకు ఏనాడూ కొదవ లేదు. ఇంజనీరింగ్ సెక్షన్‌లో గుమాస్తాగా ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పని దానికి నోట్ ఫైళ్లు రాయడమే.

ట్రాక్టర్ ఉంటుంది కదా అని మీరు అనొచ్చు. ఉంది. కానీ అది పారిశుధ్య విభాగానిది, చెత్త ట్రాలీ లాగుతుంది. నీళ్లేమో ఇంజనీరింగ్ విభాగానివి. ఒక విభాగం ట్రాక్టర్ ఇంకో విభాగం ట్యాంకును లాగితే తాగిన డీజిల్ ఎవరి ఖాతాలో రాయాలన్నది ఈ జన్మకు తేలే విషయం కాదు. "ఆ ట్రాక్టర్ మనది కాదు లింగం గారూ" అని ఏఈ నిఖిలేశ్ తేల్చేశాడు. అప్పుడు ట్రాక్టర్ మాకు పదడుగుల దూరంలో ఉంది. మధ్యలో రెండు పూలకుండీలు ఉన్నాయి.

మనది అని చెప్పుకోదగ్గది ఒక పాత పికప్ వ్యాను. దాని డ్రైవర్ జహంగీర్. వ్యాను వెనక బాడీలో ఒక నల్లటి నీళ్ల డ్రమ్ము కట్టి ఉండేది. గుట్టగల్లీ అని మా ఊళ్లో ఒక గల్లీ ఉంది. అది గుట్ట మీదికి ఎక్కీ ఎక్కీ ఒక బండరాయి దగ్గర ఆగిపోతుంది. ఆ రాయికి ముందు చివరి ఇల్లు బూదవ్వది. ముందు గదిలో పిండిగిర్ని, వెనక గదిలో ఆమె కాపురం. పైపులో నీళ్లు అంత ఎత్తు ఎక్కవు. అందుకని జహంగీర్ రోజూ పొద్దున్నే మెడ వెనక్కి తిప్పి, బీడీ నోట్లో పెట్టుకుని, గల్లీ మొదటి నుంచి చివరి దాకా వ్యానును రివర్స్‌లో ఎక్కించేవాడు. డ్రమ్ము ఖాళీ అయ్యాక ముందుకు దిగి వచ్చేవాడు. ఎన్నో ఏళ్లుగా ఇది సజావుగా జరిగిపోతోంది. సజావుగా జరిగేది మా ఆఫీసులో ఎవరి దృష్టికీ రాదు.

అదే సమయంలో మా కమిషనర్ పురంజయరావు గారు ఫోన్‌లో ఒక వీడియో చూశారు. ఏదో దేశంలో ఒకాయన తన పాత పికప్‌కు వెనక బాడీ కోసి పారేసి, ఛాసిస్‌కు బలమైన ఇనుప పట్టీలు వేసి, హుక్కు బిగించి, దాన్ని ట్రైలర్లు లాగడానికి మాత్రమే పనికొచ్చేలా మార్చాడు. ఆ వీడియోను సార్ మా అందరికీ మీటింగ్‌లో చూపించారు. అందులో ఆయన పెరడు మా ఊరంత ఉంది. ఆ సంగతి ఎవరూ గమనించినట్టు లేదు, గమనించినా ఎవరూ అనలేదు.

"ఇది వాహనం కాదు, దృక్పథం" అన్నారు కమిషనర్ గారు. "మన వ్యానును చూడండి. నీళ్ల డ్రమ్ము మోస్తుంది, సిమెంటు బస్తాలు మోస్తుంది, నిమజ్జనానికి వినాయకుణ్ణి మోస్తుంది. అన్నిటికీ ఒప్పుకునేదానికి లక్ష్యశుద్ధి ఉండదు. ఇకపై ఇది ఒక్కటే పని చేయాలి. లాగాలి."

"సార్, గుట్టగల్లీకి రోజూ నీళ్లు ఆ బాడీలోనే పోతున్నాయి" అన్నాను.

"ఆ నీళ్లే ఇకపై బండి వెనకాల వస్తాయి లింగం గారూ. దాన్నే వ్యవస్థాగత పరివర్తన అంటారు."

అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. రాసుకోవడానికే కదా నాకు జీతం.

వారం తిరగకుండా వ్యాను వెల్డింగ్ షాపుకు వెళ్లింది, బాడీ ఊడింది, హుక్కు దిగింది. ఛాసిస్ రెండు ఇనుప దూలాలుగా బయటపడి, చొక్కా విప్పిన మనిషిలా కనిపించింది. ఊడదీసిన బాడీని, డ్రమ్మును ఆఫీసు వెనక పడేశారు. బండికి ఉత్తర్వులో కొత్త పేరు పెట్టారు: ప్రత్యేక లాగుడు వాహనం. పేరు కింద మొదటి నిబంధన కూడా ఉంది. "సదరు వాహనము ట్రైలర్ లేకుండా ఎట్టి పరిస్థితులలోనూ కదలరాదు. కదిలినచో ప్రత్యేకతకు భంగము కలిగినట్లు భావించబడును."

చిక్కేమిటంటే బండి వెల్డింగ్ షాపులో ఉంది, ట్రైలర్ ఆఫీసులో ఉంది. ట్రైలర్ తగిలించుకోవాలంటే బండి ఆఫీసుకు రావాలి, రావాలంటే ట్రైలర్ తగిలించుకుని ఉండాలి. ఈ సమస్యను నిఖిలేశ్ క్షణాల్లో పరిష్కరించాడు. పారిశుధ్య కార్మికులంతా కలిసి జలరథాన్ని ఆఫీసు నుంచి బజారు మీదుగా వెల్డింగ్ షాపు దాకా తోసుకెళ్లారు. బాగా ఎండగా ఉంది. జహంగీర్ షాపు అరుగు మీద కూర్చుని చూశాడు.

"ఎద్దు కాడికి బండినే తోలుకొచ్చిండ్రు, ఏం చెప్పాలె సారూ" అన్నాడు నాతో.

ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ట్యాంకు నిండా నీళ్లతో వాహనం గుట్టగల్లీ వైపు బయల్దేరింది. ఎక్కుడు మొదలయ్యే చోట ఆగిపోయింది. ఇంజన్ అరుస్తోంది, వెనక చక్రాలు ఊరికే గిరగిరా తిరుగుతున్నాయి, పొగ వస్తోంది, బండి మాత్రం అంగుళం కదలడం లేదు. బాడీ తీసేశాక వెనక చక్రాల మీద బరువు ఎక్కడుంది? గల్లీలో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వరుసగా నిలబడి చూస్తున్నారు.

"ఇది వైఫల్యం కాదు" అన్నారు కమిషనర్ గారు, "భార వియోగం."

దానికి మందు కూడా వెంటనే దొరికింది. ఛాసిస్ మీద, సరిగ్గా పాత బాడీ ఉండే చోట, కాంక్రీటు దిమ్మ పోశారు. ఊడదీసిన బాడీ కన్నా ఆ దిమ్మ చాలా బరువు. కాంక్రీటు గట్టిపడాలంటే నీళ్లతో తడపాలి కాబట్టి, గుట్టగల్లీకి పోవలసిన జలరథం నీళ్లన్నీ దాని మీద పోశారు. ఇది కూడా నేనే నోట్‌లో రాశాను. "నీటి సద్వినియోగం" అనే శీర్షిక కింద రాశాను.

రెండో ప్రయాణంలో బండి ఎక్కుడు దగ్గరికి బాగానే వచ్చింది. అక్కడ జహంగీర్ అలవాటు ప్రకారం బండి తిప్పి, వెనక్కి చూస్తూ రివర్స్ వేశాడు. అప్పుడు తెలిసింది, వెనక ట్రైలర్ ఉన్న బండి రివర్స్‌లో మామూలు బండిలా పోదని. అది మొదట కరెంటు స్తంభాన్ని ముద్దాడింది. ముందుకు తీసి మళ్లీ వేస్తే మోరీ బండ పగలగొట్టింది. మూడోసారి గల్లీకి అడ్డంగా తిరిగి, అటు గోడకూ ఇటు గోడకూ మధ్య ఇరుక్కుపోయింది.

"నేను ఎడమకు తిప్పితే అది కుడికి పోతుంది సార్" అని జహంగీర్ కమిషనర్ గారికి సంజాయిషీ చెప్పుకున్నాడు. "అచ్చం మా తమ్ముని లెక్కనే. నేనొకటి చెప్తే వాడొకటి చేస్తడు. గల్లీ ఇంకింత వెడల్పుంటే తిప్పుతుంటి. తప్పు నాది కాదు సార్, ట్రైలర్‌ది."

నేర్చుకోవడానికి నాలుగు రోజులు ఖాళీ మైదానం ఇస్తే జహంగీర్ నేర్చుకునేవాడే. కానీ అంత చిన్న పరిష్కారం మా ఆఫీసు హోదాకు తగదు. కమిటీ వేశారు. కమిటీ మధ్యాహ్నం భోజనాల దాకా చర్చించి, ప్రమాదాలన్నీ వాహనం వెనక్కి పోయినప్పుడే జరిగాయని, ముందుకు పోయినప్పుడు ఒక్కటీ జరగలేదని కనిపెట్టింది. ఆ సాయంత్రమే కమిషనర్ గారు స్వయంగా ఒక సర్క్యులర్ చెప్పి రాయించారు. అలాంటి ఉత్సాహం ఆయన ముఖంలో నేను ఎన్నడూ చూడలేదు.

"అభివృద్ధి పథములో వెనుకంజకు తావు లేదు. కావున ప్రత్యేక లాగుడు వాహనము వెనుకకు నడపబడరాదు. స్వశక్తితో గానీ, పరశక్తితో గానీ, ఏ రూపములోనైనను వెనుకకు కదపబడరాదు."

ఎవరైనా పొరపాటున రివర్స్ వేస్తారేమోనని మెకానిక్‌ను పిలిపించి ఆ గేరు పడకుండా బిగింపు వేయించారు. సర్క్యులర్ నకలు పైఆఫీసుకు పంపారు. పైఆఫీసు వాళ్లు దాన్ని చదివి ముచ్చటపడి, ఆదర్శ సర్క్యులర్‌గా ప్రకటించి, అన్ని పట్టణాలకూ పంపించారు. కమిషనర్ గారు వాళ్లు పంపిన ప్రశంసాపత్రాన్ని తన గదిలో ఏసీ కింద తగిలించారు.

ఈలోగా గుట్టగల్లీకి చుక్క నీరు వెళ్లలేదు. పాత బాడీ ఆఫీసు వెనక ఎండకు ఎండుతోంది. డ్రమ్ములో కాకులు గూడు పెట్టే ప్రయత్నంలో ఉన్నాయి. ఆడవాళ్లు బజారు బోరింగ్ దాకా దిగి, నెత్తిన బిందెలతో గుట్ట ఎక్కుతున్నారు. ఒకరోజు బూదవ్వ, వెంట నలుగురు ఆడవాళ్లు, ఖాళీ బిందెలతో ఆఫీసుకు వచ్చారు. బూదవ్వకు యాభై దాటాయి. గిర్ని శబ్దంలో బతకడం వల్ల గొంతు పెద్దది. జుట్టు మీద ఎప్పుడూ కాస్త పిండి ఉంటుంది.

"సారూ, మీ రథం గల్లీలకు ఎక్కకుంటే ఎక్కకపాయె" అంది. "గల్లీ మొదట్ల ఆపుండ్రి. మేమే దిగొచ్చి బిందెలు నింపుకుంటం. గంతే. మాకింకేం వద్దు."

ఇంత సులువైన మాట మా ఆఫీసులో ఎవరూ అనలేదు. కమిషనర్ గారు జాలిగా నవ్వారు.

"అమ్మా, మీ హక్కుల గురించి మీకు అవగాహన లేదు. జలరథం మార్గదర్శకాల ప్రకారం లబ్ధిదారుని గడప దగ్గరే నీరు అందాలి. గడప, బిందె, చిరునవ్వు, ఈ మూడూ ఒకే ఫొటోలో కనిపించాలి. గల్లీ మొదట్లో నీళ్లు ఇచ్చామంటే మీ హక్కును కాలరాసినట్టు. నేను అధికారంలో ఉండగా ఆ అన్యాయం జరగనివ్వను."

"మరి పాత బండే పెట్టుండ్రి. జహంగీర్ తెస్తుండె గదా."

"అది ఇప్పుడు ప్రత్యేకం."

"మరి ఎట్ల సారూ? గల్లీ చివర రాయి ఉన్నది. ముందుకొచ్చిన బండి ఎనకకే పోవాలె గదా."

ఆ మాట దగ్గర కమిషనర్ గారు నిఖిలేశ్ వైపు చూశారు. ఇద్దరి ముఖాల్లో ఒకేసారి వెలుగు వచ్చింది. ఆ వెలుగంటే నాకు భయం.

"అంటే, చివర తిరిగే చోటు ఉంటే చాలు" అన్నాడు నిఖిలేశ్.

"మలుపు వృత్తం" అన్నారు కమిషనర్ గారు.

మలుపు వృత్తానికి ప్రతిపాదన వెళ్లింది. పైఆఫీసు వెంటనే ఒప్పుకుంది, ఆదర్శ పట్టణమాయె. పట్టణానికి ఒక మలుపు వృత్తం చొప్పున మంజూరు చేస్తూ, దాన్ని ప్రాంతీయ సంచాలకులు స్వయంగా వచ్చి ప్రారంభిస్తారని తేదీ కూడా ఇచ్చేసింది. నిఖిలేశ్ టేపు, సుద్దపొడి తీసుకుని గుట్టగల్లీకి వెళ్లి, వాహనమూ ట్రైలరూ కలిసి తిరగడానికి ఎంత చోటు కావాలో లెక్కగట్టి, నేల మీద గుండ్రంగా గీత గీశాడు. గీత బూదవ్వ వాకిట్లో మొదలై, గిర్ని మధ్య నుంచి పోయి, పొయ్యి పక్కగా బయటికి వచ్చి, మళ్లీ వాకిట్లో కలిసింది. ఇల్లు మొత్తం వృత్తంలో పడింది. వృత్తం చాలా గుండ్రంగా వచ్చిందని నిఖిలేశ్ సంతోషపడ్డాడు.

నోటీసు ఇవ్వడానికి నన్నే పంపారు. మా ఇంటి జొన్నలు ఎప్పుడూ బూదవ్వ గిర్నిలోనే పట్టిస్తాం. నన్ను చూడగానే మా డబ్బా ఇచ్చింది. పిండి ఇంకా వెచ్చగా ఉంది. డబ్బా ఒక చేతిలో, నోటీసు ఇంకో చేతిలో పట్టుకుని నిలబడ్డాను. వెనకాల నిఖిలేశ్ కూడా వచ్చాడు.

చదివి వినిపించాను. ఆమె గిర్ని ఆపేసి విన్నది.

"నా ఇల్లు కూలగొడ్తరా?"

"అవునమ్మా" అన్నాడు నిఖిలేశ్. "ప్రజాప్రయోజనం."

"ఎందుకు?"

"మీకు నీళ్లు తేవడానికి."

"ఇల్లే లేనంక నీళ్లు ఎవ్వలికి తెస్తవ్ బిడ్డా?"

"మీకే. ఈ మలుపు వృత్తానికి మొదటి లబ్ధిదారు మీరే. కాగితాల్లో మీ పేరే ముందు రాశాం." నిఖిలేశ్ గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. "మార్గదర్శకాల్లో గడప దగ్గరే ఇవ్వాలని ఉంది కదా. అది కూడా ఆలోచించాం. ఇల్లు తీసేసినా గడప మాత్రం ఉంచుతాం. కొంచెం పక్కకు జరిపి, సిమెంటుతో పాతుతాం. రోజూ అక్కడికే నీళ్లు వస్తాయి. మీరు బిందె పట్టుకుని నిలబడితే చాలు."

బూదవ్వ గడప వైపు చూసింది. పొద్దున రాసిన పసుపు ఇంకా తడిగానే ఉంది.

"ఈ ఇల్లు నా మొగడు కట్టలే, నా అవ్వా అయ్యా ఇయ్యలే" అంది నెమ్మదిగా. గిర్ని గొంతు కాదది. "ఊరందరి జొన్నలు పట్టి పట్టి కట్టుకున్న. ఒక్కొక్క గోడ లేపుకున్న. లింగం సారూ, నువ్వు చదువుకున్నోనివి. దీన్ని ఆపే కాయితం ఒక్కటి రాయరాదు?"

నా మీద, నా చేతిలో కాగితం మీద, పక్కన సుద్దపొడి సంచితో నవ్వుతూ నిలబడ్డ ఆ కుర్రాడి మీద ఒకేసారి కోపం వచ్చింది. మా ఆఫీసులో ఏదైనా జరిపించే కాగితం రాయడం తెలుసు గానీ ఆపే కాగితం ఎలా రాస్తారో నాకు తెలియదు. పిండి డబ్బా పట్టుకుని దిగి వచ్చేశాను. ఆ రాత్రి రొట్టె తినబుద్ధి కాలేదు.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. కార్యక్రమం ఇలా: ఉదయం మున్సిపాలిటీ జేసీబీ గుట్టగల్లీకి వెళ్లి చోటు ఖాళీ చేస్తుంది. పదకొండింటికి ప్రాంతీయ సంచాలకులు వచ్చే సరికి ప్రత్యేక లాగుడు వాహనం మొదటిసారి వృత్తం తిరిగి చూపిస్తుంది. అంతకన్నా ముందు కమిషనర్ గారికి ఒక ముచ్చట కలిగింది. వాహనాన్ని పూలతో అలంకరించి, తన గది కిటికీ ఎదురుగా నిలబెట్టి, అక్కడి నుంచే జెండా ఊపి పంపాలని.

మా ఆఫీసు ఆవరణ మీరు చూడాలి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒక చివర గేటు, ఇంకో చివర కమిషనర్ గారి గది, పక్కల కాంపౌండు గోడలు, గోడ వారగా షెడ్డులో జేసీబీ. ముందు రోజులైతే జహంగీర్ వ్యానును రివర్స్‌లో లోపలికి తెచ్చేవాడు. ఇప్పుడు గేటు దగ్గర బండి ఆపి కిందికి దిగాడు.

"సార్, లోపలికైతే తెస్త. మళ్ల..."

"జహంగీర్, ముందుకు రా" అన్నారు కమిషనర్ గారు కిటికీలోంచి.

"అదే సార్, ముందుకొస్తే..."

"ముందుకు రమ్మన్నానా లేదా?"

జహంగీర్ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. అతను బండెక్కి, ముందుకు తెచ్చి, బానెట్ కిటికీ ఊచలకు తగిలేంత దగ్గరగా ఆపాడు. ట్రైలర్ తోక గేటులో ఉంది. కమిషనర్ గారు జెండా ఊపారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు అయిపోయాయి. బండి అక్కడే ఉంది.

"పోనివ్వు" అన్నారు సార్.

"ఎటు సార్?" అన్నాడు జహంగీర్.

అప్పుడు అందరూ ఒకసారి ముందుకు చూశారు, ఒకసారి వెనక్కి చూశారు. ముందు కమిషనర్ గారి గది. వెనక గేరు లేదు. షెడ్డులోంచి జేసీబీ బయటికి పోవాలంటే గేటులో ట్రైలర్ అడ్డం.

పారిశుధ్య కార్మికులు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. "వెనక్కి తోసేద్దాం సార్, నిమిషం పని."

నిఖిలేశ్ సర్క్యులర్ తీసి చదివాడు. "స్వశక్తితో గానీ, పరశక్తితో గానీ, ఏ రూపములోనైనను." పరశక్తి అనే మాట సార్ స్వయంగా, ఇష్టపడి వేయించిన మాట. "పోనీ ట్రైలర్ ఊడదీసి..." అని ఎవరో అన్నారు. అది మొదటి నిబంధన. ట్రైలర్ లేకుండా బండి కదలరాదు.

"సర్క్యులర్‌ను ఉపసంహరించుకుందాం" అన్నారు కమిషనర్ గారు. నుదుట చెమట పట్టింది.

"మన చేతుల్లో లేదు సార్" అన్నాను. "పైఆఫీసు దాన్ని ఆదర్శంగా ప్రకటించింది. మార్చాలంటే వాళ్లే మార్చాలి."

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ప్రాంతీయ సంచాలకులు బయల్దేరారట. ఆదర్శ పట్టణం చూడాలని ఎంతో ఆతృతగా ఉన్నారట.

కమిషనర్ గారు నిఖిలేశ్ చెయ్యి పట్టుకున్నారు. "ఏదో ఒక మార్గం చూడవయ్యా."

నిఖిలేశ్ మంచి ఇంజనీరు. సమస్య ఎవరిదన్నది చూడడు, కొలత చూస్తాడు. టేపు తీశాడు, సుద్దపొడి తీశాడు, గుట్టగల్లీలో గీసిన అదే కొలతకు ఆవరణలో గీత గీసుకుంటూ వెళ్లాడు. గీత బండి ముందు నుంచి మొదలై, గోడ వారగా పోయి, కమిషనర్ గారి గదిలోకి ప్రవేశించి, కుర్చీ కింద నుంచి, ఏసీ కింద నుంచి, ప్రశంసాపత్రం కింద నుంచి తిరిగి బయటికి వచ్చింది.

"ఇంత చోటు దొరికితే వాహనం హాయిగా తిరిగి, ముందుకే బయటికి పోతుంది సార్. జేసీబీ కూడా ఇక్కడే రెడీగా ఉంది."

"ఇంకో మార్గం లేదా?"

"ఉంది సార్. కానీ అది వెనక ఉంది."

కమిషనర్ గారు నా వైపు చూశారు. నేను ఎంతో వినయంగా, బూదవ్వ ఇంట్లో నిఖిలేశ్ మాట్లాడిన గొంతుతోనే అన్నాను:

"ప్రజాప్రయోజనం సార్. గడప మాత్రం ఉంచుతాం."

జేసీబీకి గంట కూడా పట్టలేదు. అటెండర్ మల్లయ్య ఫైళ్లను, టేబుల్‌ను, ప్రశంసాపత్రాన్ని బయటికి చేర్చాడు. ఏసీ మిగల్లేదు. దుమ్ము అణగకముందే జహంగీర్ బండి స్టార్ట్ చేసి, గది ఉన్న చోటు నుంచి ట్రైలర్‌తో సహా గుండ్రంగా, ఎక్కడా తగలకుండా తిప్పుకుని వచ్చాడు. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంది. సరిగ్గా అదే సమయంలో ప్రాంతీయ సంచాలకుల కారు గేటు దగ్గర ఆగింది. ఆయన కారు దిగి, వృత్తం పూర్తి చేస్తున్న వాహనాన్ని, దాని పూలదండలను చూసి పొంగిపోయారు.

"అద్భుతం" అన్నారు. "గమ్యాన్ని ఇంత సమీపానికి తెచ్చారా? ఈ పట్టణానికి మంజూరైన మలుపు వృత్తం ఇదేనా?"

కమిషనర్ గారు నోరు తెరిచారు. కాదు అంటే, ఇది ఏమిటో చెప్పాలి. నిఖిలేశ్ సుద్దపొడి సంచి వెనక్కి దాచుకున్నాడు.

"ఇదే సార్" అన్నాను నేను.

సంచాలకులు రిబ్బను కత్తిరించారు. పని పూర్తయినట్టు అక్కడికక్కడే సంతకం చేశారు. పట్టణానికి ఒక్కటే వృత్తం. రెండోది గీయాలంటే కొత్త పథకం రావాలి. సంతకం మీద సిరా ఆరేదాకా ఆ కాగితాన్ని నేనే చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఆపే కాగితం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అచ్చం జరిపించే కాగితంలాగే ఉంది.

ఆ తర్వాత అన్నీ నిబంధనల ప్రకారమే సాగుతున్నాయి. జలరథం రోజూ కమిషనర్ గారి గడప దగ్గరికి వస్తుంది. మల్లయ్య బిందె పట్టుకుని చిరునవ్వు నవ్వుతాడు, ఫొటో పైకి వెళుతుంది. తర్వాత జహంగీర్ మిగిలిన నీళ్లతో ఊరు చుట్టి రావడానికి బయల్దేరతాడు. గుట్టగల్లీ మొదట్లోకి రాగానే బండి చెడిపోతుంది. రోజూ అక్కడే చెడిపోతుంది. మరమ్మతు చేస్తున్నంతసేపూ ఆడవాళ్లు దిగి వచ్చి బిందెలు నింపుకుంటారు. ట్యాంకు ఖాళీ కాగానే బండి బాగవుతుంది. చెడిపోయిన బండి దగ్గర నీళ్లు పట్టుకోకూడదని మార్గదర్శకాల్లో ఎక్కడా లేదు, నేను రెండుసార్లు చదివాను. ఆఫీసు వెనక పాత బాడీ ఇంకా పడి ఉంది. డ్రమ్ములో కాకి పిల్లలు ఎగరడం నేర్చుకున్నాయి.

కొత్త గదికి ప్రతిపాదన వెళ్లింది. అది వచ్చేదాకా కమిషనర్ గారి టేబుల్, కుర్చీ పాత చోటులోనే, వృత్తం అంచున వేశారు. గోడలు లేవు, కప్పు లేదు. ముందు మాత్రం గడప ఉంది, సిమెంటుతో గట్టిగా పాతారు. గడపకు ఇవతల ఆవరణలోని వేపచెట్టు ఉంది.

మొన్న బూదవ్వ తన నోటీసు రద్దయినట్టు కాగితం తీసుకోవడానికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. చెప్పులు గడప బయట విడిచి నిలబడింది. నాలుగు వైపులా చూసింది. ఎటు నుంచైనా లోపలికి నడిచి వెళ్లొచ్చు. అయినా గడప దగ్గరే ఆగింది.

"గడపకు పసుపన్న రాయలేదా సారూ" అని నాతో మెల్లగా అంది. తర్వాత గొంతు పెంచింది. "సారూ, లోపలికి రావొచ్చునా?"

కమిషనర్ గారు తల ఎత్తలేదు. ఫైలు మీద పడుతున్న చెమట తుడుచుకుని మల్లయ్యతో అన్నారు.

"పనిలో ఉన్నాను. బయట కూర్చోమను, పిలుస్తాను."

బూదవ్వ వెళ్లి బయట వేపచెట్టు నీడలో కూర్చుంది. సార్ లోపల ఎండలో కూర్చున్నారు.